కలకత్తా, హైదరాబాద్, చెన్నై: సిక్కోలు, విజయనగరం కుటుంబాలు సెలవులకి ఏ నగరం ఎంచుకోవాలి

శ్రీకాకుళం రోడ్డు స్టేషన్ నుంచి హౌరా రైలు దారిలో సుమారు 750 కిలోమీటర్లు. సికింద్రాబాద్ నల్గొండ మీదుగా వెళ్లినా, వరంగల్ మీదుగా వెళ్లినా 800కి తగ్గదు. చెన్నై 900 దాటుతుంది. పలాస, సోంపేట, ఇచ్ఛాపురం వైపు వాళ్లకి ఈ తేడా ఇంకా ఎక్కువ. విజయనగరం దగ్గరకొచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. అక్కడి నుంచి హౌరా 820 దాకా ఉంటే, సికింద్రాబాద్ 750కి కాస్త అటూ ఇటూ.

అయినా రెండు జిల్లాల్లోనూ "సిటీ చూసొద్దాం" అనగానే నోటికొచ్చే పేరు హైదరాబాదే. మనవాళ్లు అక్కడ ఉన్నారు, భాషకి ఇబ్బంది లేదు, తిండికి బెంగ లేదు. ఇవన్నీ మంచి కారణాలే. కానీ ఇంటిల్లిపాదీ ఏడాదికోసారి కదిలే ప్రయాణానికి ఊరి పేరు ఆఖర్న తేలాలి. చేతిలో ఎన్ని పగళ్లు ఉన్నాయి, ఎవరెవరు వస్తున్నారు, ఏ నెల, బండి అక్కడ ఎన్నింటికి దింపుతుంది అన్నవి ముందు తేల్చుకుంటే ఊరు దానంతటదే తేలుతుంది.

సెలవులు కాదు, పగళ్లు లెక్కపెట్టండి

ఐదు రోజుల సెలవంటే నగరంలో ఐదు రోజులు కాదు. ఈ మూడు నగరాల్లో దేనికైనా రైల్లో 12 నుంచి 16 గంటలు పడుతుంది. రాత్రి ఎక్కి పొద్దున్న దిగే బండి దొరికితే ఐదు రోజుల్లో నాలుగు పగళ్లు మిగులుతాయి. పొద్దున్న ఎక్కి రాత్రి 11కి దిగే బండి ఎక్కితే మూడే. ఆ పోయిన పగటి విలువ ఏసీకీ స్లీపర్‌కీ ఉన్న టిక్కెట్టు తేడా కన్నా ఎక్కువ. అందుకే బండి పేరు, అది ఎంత వేగంగా వెళుతుందన్నది పక్కనపెట్టి, దిగే గంట చూడండి. పొద్దున్న 5 నుంచి 9 మధ్య దిగడం అన్నిటికన్నా మేలు.

తెల్లవారుజామున 3కో 4కో దింపే బండ్లతో చిక్కుంది. చాలా హోటళ్లలో గది మధ్యాహ్నం 12కి గానీ ఇవ్వరు. ముందే వెళ్తే సగం రోజు అద్దె అడుగుతారు. దీనికి రెండు దారులున్నాయి. ఒకటి, స్టేషన్‌లోని రిటైరింగ్ రూమ్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవడం. కన్‌ఫర్మ్ అయిన టిక్కెట్టు గానీ ఆర్‌ఏసీ టిక్కెట్టు గానీ ఉండి, దాని పీఎన్‌ఆర్ ఇస్తేనే అది దొరుకుతుంది. రెండు, గదిలో దిగిన గంట నుంచి 24 గంటలు లెక్కగట్టే లాడ్జి చూసుకోవడం. ఫోన్ చేసి "మీది 24 గంటల లెక్కా, 12కి ఖాళీ చెయ్యాలా" అని అడిగితే తేలిపోతుంది. తిరుగు ప్రయాణం రోజున గది పొద్దున్నే ఖాళీ చేసి, సామాను స్టేషన్ క్లోక్‌రూమ్‌లో పెట్టి, రాత్రి బండి దాకా తిరగొచ్చు. బ్యాగులకి తాళం లేకపోతే క్లోక్‌రూమ్‌లో తీసుకోరు. జిప్పుకి వేసే చిన్న తాళాలు ఇంటి దగ్గరే కొనుక్కోండి.

ఇటు చివర కూడా చూసుకోవాలి. శ్రీకాకుళం ఊరికీ స్టేషన్‌కీ మధ్య 13 కిలోమీటర్ల దూరం ఉంది. అర్ధరాత్రి దాటాక ఆ స్టేషన్ ఉన్న ఆమదాలవలసలో దిగితే ఆటోవాడు అడిగినంత ఇవ్వాల్సిందే. టెక్కలి, పాలకొండ, రాజాం వెళ్లేవాళ్లు ఆ వేళకి కారు ముందే మాట్లాడుకోవాలి. విజయనగరం వాళ్లకి ఈ ఖర్చు లేదు.

కలకత్తా: నాలుగు పగళ్లున్నవాళ్లకి

మొదటిసారి పెద్ద నగరం చూడబోయే శ్రీకాకుళం కుటుంబానికి, నాలుగు పగళ్లుండి నెల నవంబరుకీ ఫిబ్రవరికీ మధ్యదైతే, మా మొదటి సలహా కలకత్తాయే. దూరం తక్కువ కావడం ఒక్కటే కారణం కాదు. చూడాల్సినవాటిలో ఎక్కువ భాగం ఒకే మెట్రో లైను వెంట ఉన్నాయి. దక్షిణేశ్వర్‌లో మొదలై ఎస్‌ప్లనేడ్, పార్క్ స్ట్రీట్, మైదాన్, కాళీఘాట్ మీదుగా దక్షిణానికి పోయే లైను అది. దేశంలో మొదటి మెట్రోగా 1984లో దీని మీదే బండి నడిచింది. 2024 మార్చి నుంచి హౌరా స్టేషన్ దగ్గరే మెట్రో ఎక్కి, హుగ్లీ నది అడుగునుంచి ఎస్‌ప్లనేడ్ చేరొచ్చు. ఇదివరకు సామాన్లతో హౌరా వంతెన మీద ట్రాఫిక్‌లో ఇరుక్కునేవాళ్లకి ఇది పెద్ద ఊరట.

టిక్కెట్టు తీసేటప్పుడే చివరి స్టేషన్ ఏదో చదవండి. కలకత్తా బండ్లు అన్నీ హౌరాకి పోవు. కొన్ని షాలిమార్‌లో, కొన్ని సంత్రాగచ్చిలో ఆగిపోతాయి. అక్కడి నుంచి ఊళ్లోకి హౌరా నుంచి వెళ్లినంత సులువు కాదు. పిల్లలు, పెద్దవాళ్లు ఉంటే హౌరాలో దింపే బండే తీసుకోండి, గంట ఆలస్యమైనా సరే.

బస హౌరా స్టేషన్ చుట్టుపక్కల చవకగా దొరుకుతుంది. అయినా వద్దు. రోజూ నది దాటాలి, ఆ వీధుల్లో రాత్రంతా రొద. ఎస్‌ప్లనేడ్, పార్క్ స్ట్రీట్ మధ్య గది తీసుకుంటే మ్యూజియం, న్యూ మార్కెట్ నడిచి వెళ్లేంత దగ్గర, విక్టోరియా రెండు మూడు కిలోమీటర్లలోపు.

రోజుల వరస ఇలా పెట్టుకోవచ్చు. దిగిన రోజు అలసట ఉంటుంది కాబట్టి మధ్యాహ్నం దాకా పడుకుని విక్టోరియా మెమోరియల్, దాని తోట, మైదానం. రెండో రోజు పొద్దున్నే దక్షిణేశ్వర్. అక్కడి రేవు నుంచి పడవ మీద బేలూరు మఠం. రెండు చోట్లా మధ్యాహ్నం తలుపులు మూస్తారు. కాబట్టి దక్షిణేశ్వరం పొద్దున్న, బేలూరు సాయంత్రం చూసుకోవాలి. తిరగేసి వెళ్లినవాళ్లు ఎండలో మూసిన గేటు ముందు కూర్చోవలసి వస్తుంది. మూడో రోజు ఇండియన్ మ్యూజియం, ఆ పక్కనే న్యూ మార్కెట్. 1814లో మొదలైన ఆ మ్యూజియానికి మూడు గంటలైనా ఇవ్వండి. భార్హుత్ స్తూపం రాతి కంచె ఒక్కటే అరగంట పడుతుంది. శాలిహుండం కొండ మీద స్తూపాలు చూసిన పిల్లలకి అది చూపిస్తే రెండూ మనసులో కలుస్తాయి. నాలుగో రోజు పిల్లలుంటే సైన్స్ సిటీ, పెద్దవాళ్లే అయితే శిబ్‌పూర్ బొటానికల్ గార్డెన్‌లో మహా మర్రి.

సోమవారం కలకత్తాలో దిగకండి. విక్టోరియా మ్యూజియం, ఇండియన్ మ్యూజియం, బొటానికల్ గార్డెన్ మూడూ ఆ రోజు మూతే. తప్పనిసరైతే సోమవారాన్ని దక్షిణేశ్వరానికి వాడుకోండి. అలీపూర్ జూకి గురువారం సెలవు.

తిండి విషయం చెప్పకపోతే అన్యాయం. అక్కడ కూరలు ఆవనూనెతో వండుతారు. ఆ ఘాటు మనలో చాలామందికి రెండో రోజుకే పడదు. పెద్దవాళ్లుంటే పెరుగన్నానికి పచ్చడి పొట్లం, వేయించిన కారప్పొడి బ్యాగులో పెట్టుకోండి. రాస్‌బిహారీ దగ్గర లేక్ మార్కెట్ ప్రాంతంలో దక్షిణాది భోజనం, ఇడ్లీ దొరుకుతాయి. కాళీఘాట్ వెళ్లిన రోజు అటే తినేయొచ్చు. కాళీఘాట్‌లో దర్శనం చేయిస్తామని వెంటపడేవాళ్లతో మాట కలపకుండా లైనులో నిలబడితే డబ్బూ మిగులుతుంది, మనశ్శాంతీ మిగులుతుంది. భాషకి హిందీ నాలుగు ముక్కలు చాలు.

దసరాకి దుర్గా పూజలు చూడాలన్న కోరిక ఉంటే అది వేరే ప్రయాణం. ఆ రోజుల్లో పందిళ్లే చూడాలి, మ్యూజియాలు కాదు. రాత్రి పది దాటాక వీధుల్లో కిలోమీటర్ల కొద్దీ నడక, దారులు మళ్లింపు. నడవలేనివాళ్లని తీసుకెళ్లొద్దు. విజయనగరం వాళ్లకి ఒక వెసులుబాటు ఉంది. పైడితల్లమ్మ సిరిమాను విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం కాబట్టి, దశమి ఏ వారం పడిందో చూసుకుని బయలుదేరితే పూజలూ చూడొచ్చు, సిరిమానుకి ఇంటికీ చేరొచ్చు. దశమికీ ఆ మంగళవారానికీ మధ్య కనీసం మూడు రోజులు ఉండేలా చూసుకోండి. తిరుగు టిక్కెట్టు కన్‌ఫర్మ్ కాకపోతే ఆ సాహసం వద్దు.

హైదరాబాద్: మూడు పగళ్లు, చిన్నపిల్లలు

మూడు పగళ్లే ఉంటే, విజయనగరం నుంచి బయలుదేరుతుంటే, లేదా ఇంట్లో ఎవరికీ బయటి భాష రాకపోతే హైదరాబాదే మేలు. పదేళ్లలోపు పిల్లలకి కూడా ఇదే సులువు.

ఇక్కడ పొరపాటు జరిగేది బస దగ్గర. చుట్టాలిల్లు కూకట్‌పల్లిలోనో, కొండాపూర్‌లోనో ఉంటుంది. చూడాల్సిన చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్ పాతబస్తీలో. మధ్యలో ఇరవై కిలోమీటర్లు. రోజూ రెండు పూటలా ఆ దారిలోనే గడిచిపోతుంది. అందుకని మొదటి రెండు రాత్రులు లక్డీకాపూల్, నాంపల్లి వైపు మెట్రో ఎర్ర లైను దగ్గర గది తీసుకుని ఊరు చూసేయండి. మూడో రాత్రి చుట్టాలింటికి వెళ్తే వాళ్లకీ తీరిక, మీకూ తృప్తి.

మెట్రో చార్మినార్ దాకా లేదు. ఆకుపచ్చ లైను ఎంజీబీఎస్‌లో ఆగిపోతుంది. అక్కడి నుంచి సాలార్‌జంగ్ దగ్గరే, చార్మినార్‌కి ఆటో. శుక్రవారం పాతబస్తీ పెట్టుకోవద్దు. సాలార్‌జంగ్, చౌమహల్లా రెండూ మూసి ఉంటాయి, మక్కా మసీదు చుట్టూ ప్రార్థనల రద్దీ. సోమవారం జూ మూత. కాబట్టి శుక్రవారం వస్తే దాన్ని రామోజీ ఫిల్మ్ సిటీకి ఇవ్వండి. దానికి పూర్తిగా ఒక పగలు పోతుంది, సగం రోజులో చూద్దామనుకుంటే టిక్కెట్టు డబ్బులు దండగ. గోల్కొండకి ఎండ తగ్గాక, మూడున్నర ప్రాంతాన వెళ్లండి. పైదాకా సుమారు 360 మెట్లున్నాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కింద చప్పట్లు కొట్టే దర్వాజా దగ్గరే ఆగిపోవడం మంచిది.

రైలు విషయంలో ఒక కొత్త జాగ్రత్త. 2025 జనవరిలో చర్లపల్లి టెర్మినల్ తెరిచాక కొన్ని బండ్లు సికింద్రాబాద్ బదులు అక్కడ ఆగుతున్నాయి. చర్లపల్లి ఊరికి తూర్పు చివర ఉంది. మియాపూర్‌లో ఉన్న బావగారు సికింద్రాబాద్‌లో ఎదురుచూస్తుంటే మీరు చర్లపల్లిలో దిగే పరిస్థితి రాకూడదు. టిక్కెట్టు మీద పేరు చదివి వాళ్లకి ముందే చెప్పండి.

చెన్నై: పెద్దవాళ్లతో, గుళ్లకి, పట్టుచీరలకి

అమ్మానాన్నలు, అత్తమామలు వెంట ఉంటే చెన్నై. ఇడ్లీ, సాంబారు, పెరుగన్నం అడుగడుగునా దొరుకుతాయి, కడుపు పాడవదు. మైలాపూర్ కపాలీశ్వరుడు, తిరువల్లిక్కేణి పార్థసారథి ఇద్దరూ ఊరి నడుమే. రాత్రి బస ఎగ్మూరులో అయితే సెంట్రల్ స్టేషన్ పక్కనే ఉన్నట్టు, మెట్రో ఉంది, ప్రభుత్వ మ్యూజియం నడిచి వెళ్లొచ్చు. అమరావతి స్తూపం శిల్పాలు పెద్ద సంఖ్యలో ఉన్నది ఆ మ్యూజియంలోనే, తెలుగువాళ్లు తప్పక చూడాలి. శుక్రవారం దానికి సెలవు. వండలూరు జూకి మంగళవారం.

కాంచీపురం, మహాబలిపురం ఒకే రోజు కారులో చుట్టి రావచ్చు గానీ వరస ముఖ్యం. కంచి గుళ్లు మధ్యాహ్నం పన్నెండు, పన్నెండున్నరకి మూసి మళ్లీ నాలుగింటికి తెరుస్తారు. అందుకని పొద్దున్న ఆరింటికి బయలుదేరి ముందు కంచి, భోజనమయ్యాక మహాబలిపురం. కారు మాట్లాడేటప్పుడు రెండు ఊళ్లూ చెప్పి, టోలు, పార్కింగు, డ్రైవరు భత్యం కలిపే ధర చెప్పమనండి. చీరల దుకాణానికి తీసుకెళ్తానని డ్రైవరు అంటే వద్దనండి, అక్కడి ధరలో అతని కమీషన్ కూడా ఉంటుంది. మెరీనాలో కాళ్లు తడుపుకోవడం వరకే, లోపలికి దిగొద్దు. సముద్రం పక్కనే పెరిగినవాళ్లమన్న ధీమా అక్కడ పనికిరాదు, ఒడ్డు దగ్గరే లాగేస్తుంది.

విజయనగరంలో సంగీతం పట్టున్న ఇళ్లకి ప్రత్యేకంగా ఒక మాట. ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్‌గా 1919లో సంగీత కళాశాల మొదలైన ఊరు మనది. డిసెంబరు రెండో సగంలో చెన్నై వెళ్తే మైలాపూర్, టీ నగర్ సభల్లో రోజంతా కచేరీలు. పొద్దున్న, మధ్యాహ్నం జరిగే చాలా కచేరీలకి టిక్కెట్టు ఉండదు. అప్పుడు బస ఎగ్మూరులో కాదు, మైలాపూర్‌లో.

ఆసుపత్రి పనితో వెళ్లేవాళ్లు దానికి షికారు జోడించొద్దు. రిపోర్టుల కోసం రేపు రమ్మంటారు, మర్నాడు రమ్మంటారు, కట్టిన టిక్కెట్లు పోతాయి.

మిగతా ఊళ్లు

మే నెలలో తప్ప వీలు కాదంటే పై మూడింటిలో ఏదీ వద్దు. చెన్నైలో అగ్ని నక్షత్రం, కలకత్తాలో ఉక్కపోత, హైదరాబాద్‌లో నలభై దాటే ఎండ. అప్పుడు బెంగళూరు. ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ శ్రీకాకుళం రోడ్డు, విజయనగరం రెండు చోట్లా ఆగుతుంది గానీ ప్రయాణం ఒక పగలూ ఒక రాత్రీ మించుతుంది. ఢిల్లీకి విజయనగరం నుంచి సమతా ఎక్స్‌ప్రెస్ ఉంది, రాయగడ, రాయపూర్ మీదుగా. వారం రోజులు లేనిదే తలపెట్టొద్దు, తాజ్‌మహల్ శుక్రవారం మూత అన్నది గుర్తుంచుకోండి. ముంబయికి కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఉన్నా అంతసేపు కూర్చోవడం పిల్లలకి కష్టం. రెండు పగళ్లే ఉన్నవాళ్లు భువనేశ్వర్, పూరీ చూసి రావడం నయం. ఇచ్ఛాపురం వైపు వాళ్లకి ఒడియా ఎలాగూ వచ్చు.

అక్టోబరు, నవంబరుల్లో చెన్నై వానల్లో ఉంటుంది. సంక్రాంతి వెళ్లిన వారంలో హైదరాబాద్ వైపు పోయే బండ్లలో సీటు వెతకొద్దు. పండక్కి వచ్చినవాళ్లంతా అప్పుడే తిరిగి వెళ్తారు.

టిక్కెట్లు, బెర్తులు

రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు, పొద్దున్న 8కి తెరుచుకుంటుంది. ఇదివరకటి 120 రోజుల లెక్క 2024 నవంబరు 1 నుంచి లేదు. తిరుగు టిక్కెట్టు మరో నాలుగైదు రోజుల తర్వాత తెరుచుకుంటుంది. ఆ తేదీ క్యాలెండరులో రాసి గోడకి తగిలించండి. వెళ్లడానికి తీసి, రావడానికి మరిచిపోయేవాళ్లే ఎక్కువ.

మన స్టేషన్లు చాలా బండ్లకి దారి మధ్యలోవి. మధ్య స్టేషన్లకి కోటా తక్కువ, అక్కడి వెయిటింగ్ లిస్టు నెమ్మదిగా కదులుతుంది. టిక్కెట్టు మీద ఆర్‌ఎల్‌డబ్ల్యూఎల్ అనో, పీక్యూడబ్ల్యూఎల్ అనో (మధ్య స్టేషన్ల వెయిటింగ్ లిస్టు గుర్తులు ఇవి) ఉంటే పది నంబరైనా నమ్మొద్దు. అప్పుడు బండి మొదలయ్యే స్టేషన్ నుంచి సీటుందేమో చూడండి. ఉదాహరణకి భువనేశ్వర్‌లో మొదలయ్యే విశాఖ ఎక్స్‌ప్రెస్‌కి భువనేశ్వర్ నుంచి సికింద్రాబాద్‌కి టిక్కెట్టు తీసి, బోర్డింగ్ స్టేషన్ శ్రీకాకుళం రోడ్డుగా మార్చుకోవచ్చు. ఛార్జీ పూర్తి దూరానికి పడుతుంది, నలుగురికీ బెర్తులు ఖాయమైతే ఆ ఖర్చు సార్థకమే. మార్పు మాత్రం బండి బయలుదేరడానికి 24 గంటల ముందే చేసెయ్యండి. మార్చకుండా మన దగ్గర ఎక్కితే, టీటీ అప్పటికే బెర్తు వేరేవాళ్లకి ఇచ్చేసి ఉండొచ్చు.

పెద్దవాళ్లకి కింది బెర్తు కావాలంటే వాళ్ల టిక్కెట్టు విడిగా తీయాలి. 60 దాటిన మగవాళ్లు, 45 దాటిన ఆడవాళ్లు ఒకరో ఇద్దరో మాత్రమే ఉన్న టిక్కెట్టుకే సీనియర్ కోటా వర్తిస్తుంది. ఆరుగురినీ ఒకే టిక్కెట్టులో కలిపేస్తే ఆ కోటా పోతుంది, నాన్నగారికి పై బెర్తు వస్తుంది. సీనియర్లకి ఇచ్చే రాయితీ 2020 నుంచి లేదు, డబ్బు లెక్కలో దాన్ని పెట్టుకోకండి. ఐదేళ్లలోపు పిల్లలకి టిక్కెట్టు అక్కర్లేదు. 5 నుంచి 11 ఏళ్ల వాళ్లకి బెర్తు కావాలంటే పూర్తి ఛార్జీ, వద్దంటే సగం.

తత్కాల్ ముందురోజు ఏసీకి 10కి, స్లీపర్‌కి 11కి. ఆధార్ జోడించని ఐడీతో ఇప్పుడు అది దొరకదు. నలుగురున్న కుటుంబం తత్కాల్ మీద ఆధారపడటం మంచిది కాదు, ఇద్దరికి వచ్చి ఇద్దరికి రాకపోవచ్చు.

విమానం మాట. శ్రీకాకుళం నుంచి విశాఖ విమానాశ్రయం సుమారు 115 కిలోమీటర్లు. కారులో రెండున్నర గంటలు, రెండు గంటల ముందు చేరడం, విమానం గంటన్నర, అక్కడ దిగి ఊళ్లోకి మరో గంటన్నర. మొత్తం ఏడు, ఎనిమిది గంటల పగలు పోతుంది. రాత్రి రైల్లో పోయేది నిద్ర మాత్రమే. విజయనగరానికి విమానాశ్రయం 60 కిలోమీటర్లే కాబట్టి వాళ్లకి కొంత నయం, భోగాపురం నుంచి విమానాలు నడిస్తే ఇంకా నయం. ఒక వైపు రైలు, ఒక వైపు విమానం పెట్టుకుంటే సామాను 15 కిలోల పెట్టె, 7 కిలోల చేతిసంచి లెక్కలో సర్దుకోండి. కంచి చీరలు, కలకత్తా స్వీట్లు ఆ లెక్క దాటించేస్తాయి.

అక్టోబరు, నవంబరు ప్రయాణమైతే హోటలు ముందురోజు దాకా ఉచితంగా రద్దు చేసుకునేలా బుక్ చెయ్యండి. తుఫాను వస్తే మన లైను మీదే బండ్లు ఆగిపోతాయి. 2014లో హుద్‌హుద్‌కి, 2018లో తిత్లీకి అదే జరిగింది. రైల్వే బండి రద్దు చేస్తే ఈ-టిక్కెట్టు డబ్బు పూర్తిగా ఖాతాలో పడుతుంది, మీరు తొందరపడి ముందే క్యాన్సిల్ చేసుకుంటే కోత పడుతుంది. బండి మూడు గంటలకి మించి ఆలస్యమై ప్రయాణం మానుకుంటే, అది మీ స్టేషన్ నుంచి కదలకముందే టీడీఆర్ (డబ్బు వాపసు కోసం ఆన్‌లైన్‌లో పెట్టే దరఖాస్తు) వెయ్యండి. కదిలాక వేస్తే డబ్బు రాదు.